హాల్లోకొచ్చి మాట్లాడుకో!

మా ఇంట్లో రోజుకి పదిసార్లు వినిపించే మాట ఒకటుంది. "హాల్లోకొచ్చి మాట్లాడుకో!" అత్తగారి ఫోను మాట మధ్యలో ఆగిపోతే, మా ఆయన పేపరు మీంచి తలెత్తకుండా అనే మాట అది. వంటింట్లో నేను పాలవాడికి డబ్బు పంపబోతే, ఫోన్లో చక్రం గిర్రున తిరుగుతూనే ఉంటే, మా అబ్బాయి తన గదిలోంచి అరిచే మాటా అదే. అనడంలో కోపం లేదు, వెటకారం లేదు. పైగా ఏదో ఉపకారం చేస్తున్నట్టే ఉంటుంది. అంచేతే ఆ మాటతో నేనివాళ పోట్లాట పెట్టుకోదలిచాను. తిట్టినవాళ్ళతో ఎలాగూ పోట్లాడతాం. ఇలా మెత్తగా చెప్పేవాళ్ళతోనే ఎవరూ పోట్లాడరు.

"వైఫై గురించి పోట్లాటా? దానికి ఇంజనీర్లున్నారు కదమ్మా, హాయిగా నవలలు రాసుకోక నీకెందుకూ?" అనేవాళ్ళుంటారని తెలుసు. నిజమే, నేను చదివింది బి.ఎ. ఫిజిక్సు పుస్తకం అట్ట కూడా చూసిన దాన్ని కాదు. కాని ఇల్లంటే నాకు తెలుసు. ఏ గదిలో ఎవరు పడుకుంటారో, ఎందుకు ఆ గదిలోనే పడుకోవలసి వచ్చిందో ఏ ఇంజనీరు కన్నా నాకే బాగా తెలుసు. ఈ తగవంతా అక్కడే ఉంది.

ముందు మా ఇల్లు చూపిస్తాను రండి. గోదావరి జిల్లాలో పాతకాలపు పెంకుటిల్లు. వీధరుగు, హాలు, మధ్యగది, దానికి అటొకటి ఇటొకటి గదులు, వెనక వంటిల్లు, వంటింటిని ఆనుకుని అత్తగారి గది. పెరట్లో నుయ్యి, నాలుగు కొబ్బరిచెట్లు, నూతికవతల ఒకప్పటి గొడ్ల సావిడి. గేదెల్ని అమ్మేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ సావిడికి సున్నం కొట్టించి, ఒక బల్లా కుర్చీ వేసుకుని నేను రాసుకునే గదిగా మార్చుకున్నాను. వర్జీనియా ఉల్ఫ్ అనే ఇంగ్లీషు రచయిత్రి 1929లో 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' అని ఒక పుస్తకం అచ్చు వేయించింది. ఆడది నవల రాయాలంటే డబ్బూ, తనకంటూ ఒక గదీ ఉండాలని ఆవిడ వాదన. ఏడాదికి 500 పౌన్లని లెక్క కూడా కట్టింది. పౌన్ల మాటెలా ఉన్నా, గది మటుకు నాకు దొరికింది. గేదెలు ఖాళీ చేశాకనే అనుకోండి!

ఓ ఆదివారం సాయంత్రం ఫోను చేత్తో పట్టుకుని, చీకట్లో దీపం పట్టుకుని తిరిగినట్టు ఇల్లంతా తిరిగాను. ఫోను పైన మూలగా విసనకర్రలాంటి బొమ్మ ఒకటుంటుంది, చూశారు కదూ? హాల్లో ఆ విసనకర్ర నిండుగా విచ్చుకుని ఉంది. మా ఆయన గదిలోనూ అంతే. మా అబ్బాయి గదిలో ఒక రేకు తగ్గింది. వంటింట్లోకొచ్చేసరికి అడుగున చుక్క, దాని మీద ఒక్క గీత. అత్తగారి గదిలో గీత కూడా పోయి చుక్క మిగిలింది. పెరట్లో నుయ్యి దాటి సావిడి గుమ్మంలో అడుగు పెట్టానో లేదో ఆ చుక్కా మాయమైంది.

ఈ వరస ఎక్కడో చూసినట్టుందే అనిపించింది. కాస్త ఆలోచిస్తే తట్టింది. మా ఇంట్లో పొద్దున్న కాఫీ అందే వరస ఇదే. కరెంటు పోయినప్పుడు పనిచెయ్యడానికి ఇన్వర్టరు పెట్టించినప్పుడు, దాని తీగె ఏయే గదుల్లోకి వెళ్ళిందో ఆ వరసా ఇదే. ఎండాకాలం ఏసీ ముందు హాలుకొచ్చింది, తరవాత మా ఆయన గదికొచ్చింది, అత్తగారి గది దాకా ఇంకా నడిచి రాలేదు. అంటే గాలిలో ఎగిరే తరంగాలు కూడా మా ఇంటి పద్ధతులు నేర్చేసుకున్నాయన్నమాట!

కాదు. పాపం, తరంగాలకి ఏం తెలుసు? కొత్తగా ఫైబరు వేయించినరోజు తీగె లాగడానికొచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడి "సార్, ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగాడు. సారుగారు టీవీ పక్కనున్న మూల చూపించారు. రెండు మేకులు, పది నిమిషాలు, అయిపోయింది. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. అత్తగారు పెరట్లో కరివేపాకు కోస్తున్నారు. ఇంట్లో నాలుగు ప్రాణాలున్నాయి, ఆ పెట్టె ఎక్కడుండాలన్నది ఒక్క ప్రాణాన్నే అడిగారు. మా ఆయన దుర్మార్గుడని నేననటం లేదు సుమండీ. ఆయన కూర్చునేది అక్కడ, అంచేత అక్కడ పెట్టించారు. మేం కూర్చునే చోట్లు ఆయనకి గుర్తు రాలేదు, అంతే. గుర్తు రాకపోవడమే నా ఫిర్యాదు.

ఆ మూల నాకేం కొత్త కాదు. మా పుట్టింట్లో సరిగ్గా అలాంటి మూలలోనే, లేసు గుడ్డ కప్పిన బల్ల మీద టెలిఫోను ఉండేది. దాని డయలుకి చిన్న తాళం. తాళంచెవి నాన్నగారి జేబులో. 1996లో మా అక్క పెళ్ళయింది. అప్పుడు నేను ఇంటర్మీడియేటు. అత్తవారింట్లోనూ ఫోను హాల్లోనే, మామగారి పడక్కుర్చీ పక్కనే. పదిహేను రోజులకోసారి మా నాన్నగారు తాళం తీసి నంబరు తిప్పి అమ్మ చేతికిచ్చేవారు. "ఎలా ఉన్నావే?" అనేది అమ్మ. "బాగున్నానమ్మా" అనేది అక్క. "అందరూ బాగా చూసుకుంటున్నారా?" "ఆఁ, బాగానే చూసుకుంటున్నారు." అటు మామగారు, ఇటు నాన్నగారు. ఇంక ఆ పిల్ల ఏమని చెబుతుంది?

ఏడాదిన్నర తరవాత పురిటికొచ్చింది. ఓ రాత్రి నూతి గట్టు మీద కూర్చుని, అమ్మా నేనూ మాత్రమే ఉన్నప్పుడు, అక్క ఒక్కొక్కటే చెప్పింది. రాత్రి మిగిలిన అన్నమే తనకి పొద్దున్న పెడతారని, బి.ఇడి. కి తెచ్చుకున్న దరఖాస్తు చింపి పొయ్యిలో పారేశారని, రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నారని. అమ్మ నోట మాట రాలేదు. "ఇన్నాళ్ళూ ఫోన్లో ఒక్క ముక్క చెప్పలేదేమే?" అంది చివరికి. అక్క అమ్మని వింతగా చూసింది. అక్కకి నోరు లేక కాదు, ఆ ఇంట్లో ఫోను లేకా కాదు. తలుపు వేసుకోగలిగిన గదిలో ఫోను లేక.

తరవాత పెద్దవాళ్ళు వెళ్ళి మాట్లాడారు, కొంత సర్దుబాటయింది, అది వేరే కథ. కాని ఆ ఏడాదిన్నర ఎవరిస్తారు? ఇందుకే నాకు "హాల్లోకొచ్చి మాట్లాడుకో" అన్న మాట వింటే ఒళ్ళు మండుతుంది. ఆ మాటకి అర్థం "నలుగురి ముందూ చెప్పగలిగిందే చెప్పుకో, మిగతాది మింగెయ్యి" అని.

మా అత్తగారికి 78 ఏళ్ళు. ఆవిడ కూతురు, అంటే మా ఆడపడుచు, మస్కట్‌లో ఉంటుంది. వారానికి రెండుసార్లు వీడియోలో తల్లిని చూడందే ఉండలేదు. ఫోను మోగగానే అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచి, గోడ పట్టుకుని, వంటిల్లు దాటి, మధ్యగది దాటి హాల్లోకొచ్చి కూర్చోవాలి. అక్కడ టీవీలో వార్తలు, దాని ముందు మా ఆయన, మధ్యమధ్యలో "నానమ్మా, కెమెరాకి వేలు అడ్డం పెట్టావు" అంటూ మా అబ్బాయి. "మోకాళ్ళ నొప్పెలా ఉందమ్మా?" అని అక్కణ్ణించి కూతురు అడిగితే "తగ్గిందే" అంటారావిడ. తగ్గలేదు. తగ్గలేదంటే కొడుకు మళ్ళీ డాక్టరూ ఖర్చూ అని విసుక్కుంటాడని భయం. ఓ రోజు ఫోను పెట్టేసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ తన గదిలోకి పోతున్నారు. "ఏమైంది అత్తయ్యా?" అన్నాను. "అది ఏదో చెప్పబోయిందే అమ్మాయ్. వెనకాల వీళ్ళు కనిపించారు కాబోలు, మానేసింది" అన్నారు. నాకు గుండె గతుక్కుమంది. 1996 నుంచీ ఇంత దూరం నడిచొచ్చి, మళ్ళీ ఆ మూలలోకే చేరామా!

ఆ రాత్రే మా ఆయనతో తగవు వేసుకున్నాను. ఆయన వాదనలు ఒక్కొక్కటే చెబుతాను, మీ ఇళ్ళల్లోనూ ఇవే ఉంటాయి.

మొదటిది, "మీకెందుకోయ్ అంత నెట్టు? అమ్మేమైనా ఆఫీసు నడపాలా?" మా అత్తగారికి మామగారి తాలూకు ఫ్యామిలీ పెన్షనొస్తుంది. బతికే ఉన్నానని ఏటా రుజువు చూపించాలి. 2021 నుంచి ఆ రుజువు ఫోన్లో మొహం చూపించి ఇంటినుంచే ఇచ్చుకునే వీలుంది. బ్యాంకు వాళ్ళూ గ్యాసు వాళ్ళూ పంపే అంకెలు ఫోన్లోకే వస్తాయి. నా సంగతి చూడండి. నేను సావిడిలో కూర్చుని రాసిన అధ్యాయం పత్రికకి పంపాలంటే ఫోను పట్టుకుని నూతి దగ్గరకొచ్చి, అక్కడా అందకపోతే వెనక వరండాలోకొచ్చి, అక్కడా కాకపోతే హాల్లోకొచ్చి పంపాలి. హాల్లోకొచ్చాక "ఎలాగూ వచ్చావు కదా, కాస్త మంచినీళ్ళియ్యి" అంటారు. ఆ మంచినీళ్ళతో ఆ రోజు రాత పని సరి!

అవసరం ఎంతన్నది తూచి ఇచ్చేదాకా వస్తే, లెక్క ఎక్కడ తేలుతుందో చూడండి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళని ఎప్పుడైనా ఇంటర్నెట్టు వాడారా అని అడిగారు. దేశం మొత్తమ్మీద వాడామన్న మగవాళ్ళు నూటికి 57 మంది, ఆడవాళ్ళు 33 మంది. మన ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్ళు 49, ఆడవాళ్ళు 21. తెలంగాణలో మగవాళ్ళు 57, ఆడవాళ్ళు 26 చిల్లర. ఈ తేడా అంతా రూటరు మూలనున్నందుకే వచ్చిందని నేను చెప్పను. డబ్బూ చదువూ ఫోనూ అన్నీ ఉన్నాయి అందులో. కాని తేడా మాత్రం ఉంది కదా! ఇంకో సంగతి గమనించారా? సర్వే 49 ఏళ్ళ దగ్గర ఆగిపోయింది. మా అత్తగారిని ఎవరూ అడగనే లేదు. ఆవిడ గది మా ఇంట్లోనూ లెక్కలోకి రాలేదు, అక్కడా రాలేదు.

"ఇదంతా పెద్ద హక్కులాగా మాట్లాడతావేమిటి?" అన్నారు. హక్కే మరి. కేరళలో కోళికోడ్ దగ్గర ఒక కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో, సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్లు అప్పజెప్పాలని నిబంధన పెట్టారు. ఓ డిగ్రీ అమ్మాయి ఒప్పుకోకపోతే హాస్టల్లోంచి పంపేశారు. ఆ పిల్ల హైకోర్టుకెళ్ళింది. ఇంటర్నెట్టు అందుకోవడం చదువుకునే హక్కులోనూ, ఎవరి ఏకాంతం వాళ్ళకుండే హక్కులోనూ భాగమేనని 2019 సెప్టెంబరులో ఆ కోర్టు తీర్పిచ్చింది. అది కాలేజీ మీద తీర్పు, మా హాలు మీద కాదని నాకూ తెలుసు. కాని డిగ్రీ చదివే పిల్లకి హాస్టల్లో ఉన్న ఏకాంతం, 78 ఏళ్ళ పెద్దావిడకి సొంత కొడుకింట్లో ఉండద్దా?

రెండో వాదన, "ఫోన్లో డేటా ఉంది కదా, దాంతో మాట్లాడుకోండి." మా గోడలు మూరెడు మందం, ఇటుకా సున్నమూను. ఊరి చివర టవరు మాట లోపలి గదిలోకి రావడానికి అవస్థ పడుతుంది. అసలు టవరు సరిగా అందని గదిలో మామూలు ఫోను మాట కూడా వైఫై మీదుగా పోయే సౌకర్యం మనదేశంలో 2019 చివరి నుంచి ఉంది. కాని అది పనిచెయ్యాలన్నా ఆ గదిలోకి వైఫై రావాలి కదా! ఇహ డేటా మాటంటారా, అది రోజువారీ కూలి లాంటిది. అయిపోతే మర్నాటి దాకా లేదు. దానికి రీఛార్జి చేసేదీ కొడుకే, అది అయిపోయిందని అడగాల్సిందీ కొడుకునే.

మూడోది వాదన కాదు, వైద్యం. పోరు పడలేక మా ఆయన బజారుకెళ్ళి నాలుగు కొమ్ముల పెట్టె కొనుక్కొచ్చారు. గంగిరెద్దులా ఉంది. టీవీ పక్కన అదే మూలలో పెట్టారు. అత్తగారి గదిలో చుక్క చుక్కలాగే ఉంది. ఎందుకో అప్పుడు నాకు తెలీలేదు, తరవాత తెలిసింది. ఆ పెట్టె ఎంత గట్టిగా అరిచినా లాభం లేదట. ఫోను కూడా జవాబు చెప్పాలి, ఫోను గొంతు చిన్నది. ఇవతలాయన మైకులో మాట్లాడుతున్నా, అవతలావిడ గొణిగితే సంభాషణ సాగుతుందా? సంసారాల్లో ఇది మనకి తెలియని సంగతేం కాదు.

అప్పుడు ప్లగ్గులో గుచ్చే చిన్న పెట్టె ఇంకోటి తెచ్చారు. సిగ్నలందుకుని ముందుకి పంపుతుందట. దాన్ని నేరుగా అత్తగారి గదిలో గుచ్చారు. అందుకోవడానికి అక్కడ సిగ్నలుంటే కదా ముందుకి పంపేది! ఎండిపోయిన నూతిలో మోటారు దింపినట్టయింది. దాన్ని ఇంకా సిగ్నలు బాగా ఉన్న చోట, సగం దారిలో పెట్టాలట. మధ్యగదిలో పెడితే కాస్త పనిచేసింది గాని, ఒకే నోటితో ఇటు విని అటు చెప్పే రకం కావడంతో వేగం సగానికి సగం పడిపోయింది. మస్కట్‌లో కూతురు మొహం ముక్కలుముక్కలుగా, పాత సినిమా రీలులా కదిలేది. "ఇంక ఇంతకంటే ఏం చెయ్యను? చెయ్యాల్సిందంతా చేశాను, హాల్లోకొచ్చి మాట్లాడుకోండి" అన్నారు మా ఆయన. కొన్న రెండు పెట్టెలకీ అయిన డబ్బు ఆ మాట అనడానికి రసీదులా పనికొచ్చింది.

ఇక లాభం లేదని నేనే బయల్దేరాను. బజార్లో కెమెరాలూ కంప్యూటర్లూ బిగించే ఒక కుర్రాణ్ణి ఇంటికి పిలుచుకొచ్చాను. వాడు ఇల్లు చూసి ముందు నవ్వాడు. "అమ్మగారూ, దీపం వీధి గుమ్మంలో పెట్టి పెరట్లో వెలుగు లేదంటే ఎలాగండీ?" అన్నాడు. ఈ వైఫై రెండు రకాల తరంగాల మీద నడుస్తుందిట. 5 గిగాహెర్ట్‌జ్‌ది వేగం ఎక్కువ, కాని గోడ అడ్డమొస్తే త్వరగా డస్సిపోతుంది. 2.4 గిగాహెర్ట్‌జ్‌ది వేగం తక్కువైనా గోడల్ని కాస్త నయంగా దాటుతుంది. ఇనప బీరువా, నిలువుటద్దం అడ్డమైతే వెనక్కి కొడతాయి. నీళ్ళ డ్రమ్ము పీల్చేస్తుంది. మా ఇంట్లో హాలుకీ అత్తగారి గదికీ మధ్య మూడు గోడలూ, ఒక ఇనప బీరువా, వంటింట్లో నీళ్ళ డ్రమ్మూ ఉన్నాయి. సావిడికైతే వాటికి తోడు కొబ్బరి మట్టలు, వానాకాలం తడిసినప్పుడు మరీనూ.

వాడు చేసిన మొదటి పనికి పైసా ఖర్చు లేదు. హాల్లో మిగిలి ఉన్న తీగె చుట్ట విప్పి, పెట్టెని మూలనుంచి తీసి, మధ్యగదిలో అటక అంచున పెట్టాడు. ఇంటి నడిబొడ్డున, ఎత్తు మీద. అంతే, అత్తగారి గదిలో చుక్క మీద గీత మొలిచింది, గీత మీద ఇంకో గీత. రెండేళ్ళు పడిన బాధ పదహారడుగుల దూరంలో ఉందన్నమాట.

రెండో పని తీగె లాగడం. గాలిలో పంపలేని చోటికి తీగెలో పంపమన్నాడు. ఇలాంటి తీగె మీద వంద మీటర్ల దాకా సిగ్నలు తగ్గకుండా పోతుందిట. మాకు నలభై కూడా అక్కర్లేకపోయింది. మధ్యగదిలోంచి చూరు కింద నుంచి ఒకటి అత్తగారి గదికి, ఇంకోటి పెరట్లో నేలలోపల పైపులోంచి సావిడికి. రెండు చివర్లా చెరొక చిన్న పెట్టె. ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. సావిడికి కరెంటు ఇంట్లోంచే వెళుతుంది, దూరమూ కొద్దే గనక రాగి తీగెతో సరిపెట్టాడు. బాగా దూరంగా, విడిగా ఉన్న కట్టడమైతే గాజు తీగె మేలన్నాడు, పిడుగుపడినా అందులోంచి కరెంటు పారదు గనక. మొత్తం ఖర్చు, వాడి కూలితో సహా, ఆ పండక్కి హాల్లో సోఫాకి కొత్త గుడ్డ వేయించిన ఖర్చుకన్నా తక్కువే అయింది. సోఫా గుడ్డ అవసరమా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు లెండి.

ఆ కుర్రాడు పోతూ ఒక మాట చెప్పాడు. ఈ 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలని ఇళ్ళల్లో వాడుకోడానికి లైసెన్సు అక్కర్లేదని సర్కారు 2005లోనే వదిలేసిందట. 2018లో 5 గిగాహెర్ట్‌జ్‌కీ అలాగే చేసిందట. దేశానికి దేశమే గాలిని అందరికీ వదిలేస్తే, ఇంట్లో మాత్రం హాలు వాళ్ళు పట్టా పుచ్చుకుని కూర్చున్నారని నవ్వుకున్నాను.

ఇప్పుడు అన్నిటికంటే గట్టి వాదన. ఇది మా ఆయనది కాదు, నా స్నేహితురాలిది, తనూ రచయిత్రే. "నీకు మతి పోయిందా? ఆ సావిడి ఒక్కటే కదా ఈ రొద అందని చోటు! ఫోను మోగదు, మెసేజీ రాదు, హాయిగా రాసుకునేదానివి. చేతులారా దాన్నీ పాడుచేసుకున్నావు. ముసలావిడక్కూడా పురాణం చదువుకునే ప్రశాంతత పోగొట్టావు." ఈ మాట నన్ను రెండ్రోజులు ఆలోచనలో పడేసింది. అందులో నిజం లేకపోలేదు. ఈమధ్య నేనూ సావిడిలో కూర్చుని, కథ మధ్యలో వదిలేసి, ఎవరో పెట్టిన ఉగాది పచ్చడి వీడియో చూస్తూ అరగంట తగలేసిన దాన్నే.

కాని ఉపవాసం వేరు, పస్తు వేరు. రెంటిలోనూ కడుపు ఖాళీయే. ఏకాదశినాడు ఇంట్లో అన్నీ ఉండి తినకపోతే ఉపవాసం. గాదెలో గింజ లేక పడుకుంటే పస్తు. నా సావిడిలో నిశ్శబ్దం కావాలనుకున్నప్పుడు ఆ పెట్టె స్విచ్చి నేనే ఆపుకుంటాను. ఇప్పుడు రోజూ పొద్దున్న పదినుంచి ఒంటిగంటదాకా ఆపుకుంటున్నాను కూడా. అది నా ఉపవాసం. ఇదివరకటిది పస్తు. పస్తున్న మనిషిని చూసి "ఎంత నియమం, ఎంత ప్రశాంతత!" అని మెచ్చుకోకండి. ముఖ్యంగా మీ కడుపు నిండి ఉన్నప్పుడు మెచ్చుకోకండి.

"దూరపు గదుల్లో నెట్టుంటే పిల్లలు రాత్రిళ్ళు ఏం చూస్తారో" అని భయపడే తల్లులున్నారు. భయం న్యాయమైనదే. దానికి వేళ పెట్టి ఆపుకునే ఏర్పాటు ఆ పెట్టెల్లోనే ఉంటుంది, పిల్లల పక్కన కూర్చుని మాట్లాడే ఏర్పాటు మనలో ఉండాలి. అంతేగాని పిల్లవాడి మీద అనుమానంతో నానమ్మ నోరు కట్టెయ్యడం ఏం న్యాయం?

కాబట్టి చెల్లెళ్ళారా, అక్కలారా, అన్నయ్యలూ మీరూను! ఇవాళ రాత్రి భోజనాలయ్యాక ఫోను పట్టుకుని మీ ఇల్లంతా ఒక్కసారి తిరగండి. విసనకర్ర ఎక్కడ ముడుచుకుంటుందో చూడండి. ఆ గదిలో పడుకునేదెవరో చూడండి. వంటమనిషా, పురిటికొచ్చిన కూతురా, ఇంట్లోనే ఉండి చదువుకునే మేనకోడలా, మంచం పట్టిన పెద్దదిక్కా? మేడ మీద గదిలో అద్దెకున్న పిల్లా, తోటలో మోటారు గదిలో ఉండే కాపలాదారు కుటుంబమా? తరవాత ఏ పెట్టె కొనాలో బజారువాడు చెబుతాడు. ఎవరి గదికి ముందు అందాలో మాత్రం మీరే చెప్పాలి. తీగె లాగడానికొచ్చిన కుర్రాడు "ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగినప్పుడు, పొయ్యి కట్టేసి హాల్లోకి రండి. ఆ ఒక్కసారి మటుకు హాల్లోకొచ్చి మాట్లాడండి!

మా ఇంట్లో తీగె వేసిన వారానికి మస్కట్ నుంచి ఫోనొచ్చింది. అత్తగారు మంచం మీదనుంచి లేవలేదు. కాళ్ళు చాపుకుని, దిండు నడుముకి పెట్టుకుని, "అమ్మాయ్, ఆ తలుపు దగ్గరగా వేసి పో" అన్నారు. వేశాను. ముప్పావుగంట మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, తెలుసుకోవాలని అనుకోను కూడా. మధ్యలో ఒకసారి ఏడుపు వినిపించింది, ఇంకోసారి చిన్నపిల్లల్లా నవ్వులు వినిపించాయి.

తలుపు తెరుచుకోగానే మా ఆయన వెళ్ళి, "ఏమంటుందమ్మా చెల్లాయి? ఏమిటంతసేపు మాట్లాడుకున్నారు?" అని అడిగారు.

అత్తగారు ఫోను తలగడ కిందికి తోసి, కొడుకు మొహంలోకి చూసి, తొణక్కుండా జవాబు చెప్పారు.

"ఏమోరా అబ్బాయ్, సిగ్నలు సరిగ్గా లేదు. ఏమీ వినపళ్ళేదు."